ఆ రోజు అక్క ఎక్కడుంది

అక్క చేసిన చివరి మామూలు పని, లిఫ్టు తలుపుకి అంటించిన కాగితం మీద ఒక ఒత్తు దిద్దడం.

"లిఫ్టు పనిచేయదు. మీ ఇబందికి చింతిస్తున్నాము" అని ఎవరో హడావిడిగా రాసి అతికించిపోయారు. అక్క సంచిలోంచి పెన్ను తీసి, బ కింద ఇంకో బ పెట్టి, ఒకడుగు వెనక్కి వేసి చూసుకుని, అప్పుడు నాలుగంతస్తుల మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఎదురింటావిడ తలుపుకి తాళం వేసుకుంటూ ఇదంతా చూసింది. "లిఫ్టు లేదని మేమందరం తిట్టుకుంటుంటే, మీ అక్కగారు ఒత్తు లేదని బాధపడ్డారండీ" అని తర్వాత తమ్ముడితో అంది. ఆ మాట అనేసి నాలుక కరుచుకుంది. తమ్ముడు మాత్రం ఆ మాటనే అపురూపంగా దాచుకున్నాడు. ఆ రోజుల్లో పరామర్శకి వచ్చిన వాళ్ళు చెప్పిన వాటిలో అక్కలా వినిపించిన మాట అదొక్కటే.

బస్టాపు దాకా మామూలుగానే నడిచింది. స్తంభాన్ని ఆనుకుని కూర్చుంది. రెండు బస్సులు ఆమె ముందు ఆగి వెళ్ళిపోయాయి. మూడో బస్సు డ్రైవరు, రోజూ ఎక్కే మనిషి ఇవాళ ఎక్కడం లేదేమిటా అని దిగివచ్చి పలకరించాడు. అప్పటికే ఆమె పలికే స్థితి దాటిపోయింది.

అక్కకి అరవై రెండు, తమ్ముడికి యాభై మూడు. తల్లీ తండ్రీ వెనకా ముందుగా పోయేనాటికి తమ్ముడు పద్నాలుగేళ్ళవాడు. అప్పటి నుంచి ఆ ఇల్లు అక్క వేళ్ళ మీద నడిచింది. ఇది మాటవరసకి అనడం కాదు, ఆమె టైపిస్టు. పెళ్ళి ఊసు ఎవరైనా ఎత్తితే, ముందు వీణ్ణి ఒక దారిన పడనీయండి అనేది. వీడు అద్దాలు అరగదీయడం నేర్చుకుని, కళ్ళజోళ్ళ దుకాణంలో కుదిరి, ఒక దారిన పడేసరికి ఆ ఊసు ఎత్తేవాళ్ళే లేకుండా పోయారు. తమ్ముడికి ముప్ఫై అయిదో ఏట పెళ్ళయింది. అక్క వేరే చోట చిన్న ఫ్లాటు చూసుకుని, "మీ ఇద్దరి మధ్యా ఈ టకటక ఎందుకు" అని నవ్వుతూ వెళ్ళిపోయింది. ప్రతి ఆదివారం భోజనానికి వచ్చేది, లేదా వాళ్ళు ముగ్గురూ ఆమె ఇంటికి వెళ్ళేవారు.

ఆమెవి రెండు మూడు అలవాట్లుండేవి, వాటితో ఇంట్లో బోలెడు కాలక్షేపం. భోజనాల దగ్గర ఎవరైనా గబగబా మాట్లాడితే బల్ల కింద ఆమె మడమ నేలని నొక్కేది. ఆఫీసులో చెవులకి తగిలించుకుని వినే టేపుని కాలి కింద ఉన్న పెడలే నడిపిస్తుంది. వేళ్ళతో నొక్కితే ముందుకి, మడమతో నొక్కితే మూడు సెకన్లు వెనక్కి. ఆ అలవాటు కాలికి పట్టేసింది. "అత్త నన్ను వెనక్కి తిప్పుతోంది చూడు నాన్నా" అని తమ్ముడి కూతురు కిసుక్కున నవ్వేది. ఇంకోటి, గుమ్మం దగ్గరి అలవాటు. తమ్ముడు వెళ్ళొస్తానంటే చాలు, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి వచ్చి, తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, "నీలం గళ్ళ చొక్కా. సరే" అనేది. లేకపోతే "బూడిద రంగు, జేబు మీద మరక. సరే". మీ అక్కగారు నిన్ను సామాన్ల లిస్టులో రాసుకుంటున్నారని తమ్ముడి భార్య ఎగతాళి చేసేది. నా ఇస్త్రీకి వంక పెడుతున్నారేమోనని మొదట్లో కొంచెం ముఖం ముడుచుకునేది కూడా.

అన్నీ అయిపోయిన రెండు వారాలకి ఒకావిడ తమ్ముడి ఇంటికి వచ్చింది. పేరు చెప్పబోతుంటే తమ్ముడి భార్య, "మీరు పక్క కుర్చీ ఆవిడే కదూ" అంది. పదిహేడేళ్ళుగా అక్క ఇంట్లో ఆమెని అలాగే చెప్పేది, ఇంకో పేరు ఉందని ఎవరికీ తట్టలేదు. ఆవిడ నవ్వబోయి, నవ్వు సగంలో ఆగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

అక్క బల్ల మీది వస్తువులు తెచ్చిందామె. చెవులకి పెట్టుకునే వాటి మీద నలిగిపోయిన స్పాంజి, నడుం వెనక పెట్టుకునే దిండు, నాలుగు పెన్నులు. వాటితోపాటు ఒక కార్డు. దాని మీద నాలుగు వేల పదిహేడు అన్న అంకె, అక్క పేరు. కింద అంతా ఖాళీ.

అక్క పనిచేసినది జ్ఞాపకాల విభాగంలో. పంతొమ్మిదేళ్ళ కిందట ఒక ఉదయం తొమ్మిది దాటాక, నది అడుగున పోయే సొరంగం గోడ పగిలింది. జనం కింది రైలు అని పిలుచుకునే రైళ్ళు రెండు ఆ నీళ్ళలో చిక్కుకున్నాయి. మూడు వందల పైచిలుకు మనుషులు మళ్ళీ పైకి రాలేదు. దేశమంతా ఒక ఇల్లులా ఏడ్చింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి, ఎవరు ఎవరిని కొత్తగా కలిసినా నాలుగు మాటలయ్యాక వచ్చే ప్రశ్న ఒకటే: సొరంగం రోజు మీరెక్కడున్నారు? రెండేళ్ళకి ప్రభుత్వం ఆ ప్రశ్న కోసమే ఒక ఆఫీసు పెట్టింది. వచ్చి చెప్పేవాళ్ళ మాటలు రికార్డు చేయడం, వాటిని టైపు కొట్టించడం, నంబరు వేసి భద్రం చేయడం దాని పని. అప్పటిదాకా బస్సు కంపెనీలో ఉత్తరాలు కొట్టుకుంటున్న అక్క, ప్రకటన చూసిన రోజే దరఖాస్తు పెట్టింది. ఉన్న ఉద్యోగం వదిలి ఈ ఏడుపుల ఆఫీసెందుకని తమ్ముడు అన్నాడు కూడా. కిటికీలున్న గది ఇస్తారటరా అంది అక్క.

అక్కడ నియమం ఒకటే, విన్నది విన్నట్టు కొట్టాలి. బయట గోడ మీద తప్పు కనిపిస్తే చెయ్యి దురద పెట్టే మనిషి, ఆ గదిలో మాత్రం ఒక్క తప్పూ దిద్దేది కాదు. ఒక పెద్దాయన టేపు పొడుగునా సొరంగాన్ని సారంగం అన్నాడు. పై అధికారి సరిచేయమంటే ఒప్పుకోలేదు. "ఆయన మనవడు పోయింది సారంగంలోనే సార్. సొరంగంలో అని మనం రాస్తే ఆయన మనవణ్ణి ఇంకెక్కడికో పంపినట్టవుతుంది" అందట. మాట్లాడే మనిషి అయిదు సెకన్లకి మించి మౌనంగా ఉంటే కుండలీకరణాల్లో (ఆగారు) అని కొట్టాలి. ఏడ్చినా అదే కొట్టాలి. ఏడుపుకి ఆ నియమాల కాగితంలో వేరే మాట పెట్టడం ఎవరో మర్చిపోయారు.

ఆ విభాగంలో పనిచేసేవాళ్ళు కూడా తమ జ్ఞాపకం ఇవ్వాలి. ప్రతివాళ్ళకీ ఒక నంబరు కేటాయించారు. అందరూ ఇచ్చేశారు, ఒక్క అక్క తప్ప. ఎప్పుడడిగినా, నాదేముంది, వచ్చేవారం చూద్దాం అనేదట. ఈ నెలాఖరుకి సేకరణ ఆపేస్తున్నారు, ఆ తర్వాత అన్నీ కట్టలు కట్టి సీలు వేస్తారు. "ఆ నంబరు ఖాళీగా పోవడం నాకు కష్టంగా ఉందండీ. ఇంటివాళ్ళు చెప్పినా తీసుకుంటామన్నారు. ఆ రోజు ఆవిడ ఎక్కడున్నారో మీరు చెప్తారా?" అని అడిగింది పక్క కుర్చీ ఆవిడ.

దానికేముంది, చెప్తాను అన్నాడు తమ్ముడు. అని, నోరు తెరిచాడు. తీరా చూస్తే చెప్పడానికేమీ లేదు.

తన సంగతైతే కంఠతా వచ్చు. పంతొమ్మిదేళ్ళుగా పెళ్ళిళ్ళలో, రైలు ప్రయాణాల్లో, దుకాణంలో చెప్పీ చెప్పీ నున్నగా అరగదీసిన కథ అది. రెండు రోజులుగా పన్ను నొప్పి. రోజూ లాగే తొమ్మిదింటి కింది రైలుకని బయల్దేరాడు. వీధి చివర ప్రాణం జివ్వుమంటే, పనికి నామం పెట్టి పళ్ళ డాక్టరు దగ్గరికి తిరిగాడు. ఆ పన్ను మొండిది, వేరు ఎక్కడో మెడ దాకా దిగినట్టుంది, మూడు గంటలు పట్టింది. నోటినిండా దూది, తల నిండా మత్తు. దారిలో దుకాణాలు మూసేస్తుంటే ఎండకి కాబోలనుకున్నాడు. ఇంటికొచ్చి మాత్ర మింగి పడుకున్నవాడు, సాయంత్రం ఏడింటికి అక్క తాళం తీసుకుని లోపలికి వస్తే లేచాడు. ఎక్కడికెళ్ళావురా అంది. హన్ను అన్నాడు. అక్క మంచం అంచున కూర్చుని, కుర్చీకి వేలాడుతున్న చొక్కా చూసి, పొద్దున వేసుకున్నది ఇదేనా అని అడిగింది. ఉతకడానికి కాబోలని తలూపాడు. "సరే, చల్లనీళ్ళు పుక్కిలించు. వేడివి తాగకు" అంది. "దేశం దేశమంతా గుండెలు బాదుకుంటుంటే, మా అక్క నన్ను పుక్కిలించమందండీ" అని ముగించేవాడు. అందరూ నవ్వేవారు. నవ్వాల్సిన చోట, పక్కనే కూర్చున్న అక్క కూడా నవ్వేది.

నువ్వెక్కడున్నావక్కా అని ఎవరూ అడగలేదు. ఎవరో ఎందుకు, తనే అడగలేదు. దేశంలో ముక్కూ మొహం తెలియని వాళ్ళని కూడా అడిగిన ప్రశ్న అది. టాక్సీవాణ్ణి అడిగాడు, చలవ అద్దాలు కొనడానికి వచ్చిన కుర్ర పోలీసుని అడిగాడు. ఒకే బల్ల ముందు ఎదురెదురుగా కూర్చున్న మనిషిని ఒక్కసారీ అడగలేదు. పనిలో ఉండి ఉంటుందని అనుకోవడం కూడా కాదు, ఆమె కూడా ఆ రోజు ఎక్కడో ఒకచోట ఉండి ఉంటుందన్న ఊహే అతనికి రాలేదు.

నెలాఖరుకి తొమ్మిది రోజులుంది.

బస్సు కంపెనీలో అప్పటి హెడ్ క్లర్కు ఫోన్లో దొరికాడు. ఆ రోజు వార్త తెలియగానే అక్క మిషను మీద కాగితం అలాగే వదిలేసి లేచి వెళ్ళిపోయిందని, అడగకుండా సెలవు పెట్టింది ఆ ఒక్క పూటేనని చెప్పాడు. ఎక్కడికి వెళ్ళిందో ఆయనకి తెలియదు. పాత ఇంటి పక్కవాళ్ళు ఊరు మారిపోయారు. తమ్ముడు తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. అందరూ ముందు అక్క మంచితనం గురించి చెప్పి, ఆ తర్వాత ఆ రోజు తామెక్కడున్నారో చెప్పారు. ఆ కథలన్నీ విని ఫోను పెట్టేసేవాడు. ఇంట్లో భార్య ఏదైనా తెలిసిందా అని అడగడం మానేసింది. కూతురు తన గదిలోంచి బయటికి రావడం తగ్గించింది. దుకాణంలో ఒక జత అద్దాలు తప్పు నంబరుకి అరగదీశాడు, ఇరవై ఏళ్ళలో మొదటిసారి.

ఇంకా నాలుగు రోజులుందనగా పక్క కుర్చీ ఆవిడ కబురు పంపింది. టేపుల్లో వచ్చే మనుషులందరినీ వాళ్ళు చేసే పనిని బట్టి ఒక సూచికలో చేర్చి పెట్టారట. తయారుచేసింది అక్కే. టైపిస్టు అన్నచోట వెతికితే పదకొండు నంబర్లు దొరికాయి. ఒకదాంట్లో అక్కలాంటి మనిషి ఉంది.

తమ్ముణ్ణి అక్క కుర్చీలోనే కూర్చోబెట్టారు. నిజంగానే కిటికీ ఉంది, దాంట్లోంచి ఎదుటి గోడ కనిపిస్తోంది. పెడల్ మీద కాలు పెట్టబోతే, అది కొంచెం ఎడంగా, అక్క కాలి కొలతకి జరిపి ఉంది.

టేపులో ఒక మగ గొంతు. నది పక్కన ఉన్న బడిలో డ్రిల్లు మాస్టారు. కనబడకుండా పోయిన వాళ్ళ ఇంటివాళ్ళని ఆ బడి హాల్లోనే కూర్చోబెట్టారట. గుర్తులు రాసుకునే పని ఆయనది. "ఒకావిడ వచ్చింది. టైపిస్టునంది. తమ్ముడు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడంది. ఏం చొక్కా వేసుకున్నాడమ్మా అని అడిగాను. అందర్నీ అడిగేదే. ఆవిడకి గుర్తు రాలేదు. స్టవ్వు దగ్గరున్నానండీ, వెళ్ళొస్తానన్నాడు, సరే అన్నాను, తిరిగి చూడలేదు అంది. ఆ మాటే నాలుగైదు సార్లంది."

ఇంతే ఉంది అందులో. తర్వాత ఆయన ఇంకొకరి గురించి చెప్పుకుపోయాడు.

తమ్ముడు మడమతో వెనక్కి తిప్పాడు. మళ్ళీ విన్నాడు. గుమ్మం దగ్గర నీలం గళ్ళు, బూడిద రంగు అని అక్క ఎందుకు అప్పజెప్పుకునేదో అప్పుడు తెలిసింది. నా ఇస్త్రీకి వంకలు అనుకున్న భార్యకి ఇది ఎలా చెప్పాలో తెలియలేదు.

ఎదురుగా ఆ టేపుకి కొట్టిన కాగితం ఉంది. అడుగున టైపు చేసినవారి పొడి అక్షరాలు, అక్కవే. తన గురించి ఎవరో చెబుతుంటే విని, అక్షరం పొల్లుపోకుండా కొట్టి, సూచికలో తన పనిని కూడా చేర్చి, పక్కవాళ్ళకి కూడా చెప్పకుండా బస్సెక్కి ఇంటికి వెళ్ళిందన్నమాట. పక్క కుర్చీ ఆవిడ కాగితం మీద ఒకచోట వేలు పెట్టి చూపించింది. "ఏం చొక్కా వేసుకున్నాడమ్మా అని అడిగాను. (ఆగారు) అందర్నీ అడిగేదే."

తమ్ముడు ఇంకోసారి విన్నాడు. మాస్టారు అక్కడ ఆగలేదు. ఊపిరి కూడా తీసుకోకుండా ఒక వాక్యం మీంచి ఇంకో వాక్యం మీదికి వెళ్ళిపోయాడు.

"పదిహేడేళ్ళలో ఆవిడ కాగితంలో నేను చూసిన తప్పు ఇదొక్కటే" అంది పక్క కుర్చీ ఆవిడ. కొట్టేద్దామని పెన్సిలు తీసింది. కాసేపు చేతిలో పట్టుకుని, మళ్ళీ పెట్టేసింది.

డ్రిల్లు మాస్టారు ఊళ్ళో లేరు, కూతురి దగ్గరికి వెళ్ళారు, ఎప్పుడొస్తారో ఇంట్లో అద్దెకున్నవాళ్ళకి తెలియదు. గడువు ఆఖరి రోజు వచ్చేసింది. తమ్ముడు వెళ్ళి చిన్న గదిలో, మైకు ముందు కూర్చున్నాడు. ఎదురుగా ఒక అమ్మాయి, వాళ్ళ ఆఫీసు పద్ధతి ప్రకారం, ఆ రోజు మీరెక్కడున్నారని మొదలుపెట్టింది.

తను ఇంట్లో నిద్రపోతున్నానన్నాడు. దూది, హన్ను, పుక్కిలించడం, ఏవీ చెప్పలేదు. అక్క మాత్రం నది పక్క బడిలో ఉందని చెప్పాడు. తను బతికున్నాడో లేదో తెలియక, ఏ చొక్కాలో వెళ్ళాడో కూడా గుర్తు రాక, పొద్దుటి నుంచి చీకటి పడేదాకా తన కోసమే అక్కడ కూర్చుందని చెప్పాడు. అక్క ఆఫీసుకి ఒక్క ఫోను చేసి ఉంటే, లేదా పనికెళ్ళడం లేదని వీధి చివర నుంచి వెనక్కి వచ్చి ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ రోజంతా ఆమెకి మిగిలేదని చెప్పాడు. తన వల్ల పాడైన ఆ ఒక్క రోజునే అక్క తర్వాత పదిహేడేళ్ళపాటు మళ్ళీ మళ్ళీ వింటూ కూర్చుందని కూడా అన్నాడు. మధ్యలో రెండు మూడు చోట్ల ఆగాడు. నాలుగు వేల పదిహేడు అన్న కార్డు నిండింది. మర్నాడు కట్టలన్నిటికీ సీళ్ళు వేశారు. ఇక అందులో అక్షరం కలపడానికీ తీయడానికీ ఎవరికీ వీల్లేదు.

వారం తర్వాత మాస్టారే ఫోను చేశాడు. తమ్ముడు మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక వెళ్ళాడు. ఎనభైకి దగ్గరపడిన మనిషి, నడుం ఇంకా నిటారుగానే ఉంది, చెవులు మాత్రం ఒక పట్టాన వినవు. ఫలానా టైపిస్టు తమ్ముణ్ణని రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మాస్టారు ముఖం విప్పారింది.

"ఓహో. పన్నాయన నువ్వేనా" అన్నాడు.

తమ్ముడు బిత్తరపోయాడు. టేపులో పన్ను ఊసే లేదు.

మాస్టారు తాపీగా చెప్పుకొచ్చాడు. చొక్కా గుర్తు లేదనేసరికి, ఇంకేదైనా గుర్తు చెప్పమ్మా అన్నాడట. రెండు రోజులుగా పన్ను నొప్పండీ అంది అక్క. బడి ఆఫీసులో టెలిఫోను డైరెక్టరీ ఉంది. మీ ఇంటి చుట్టుపక్కల పళ్ళ డాక్టర్లు ఎవరెవరున్నారో చూసి వరసగా ఫోను చేస్తే, మూడో చోట ఒక అమ్మాయి తీసింది. ఉన్నారండీ, నోరు తెరుచుకుని ఉన్నారు, మాట్లాడలేరు అంది. అప్పుడు టైము పదకొండూ ఇరవై. ఇంటర్వెల్ గంట కొట్టే వేళ, ఆ రోజు కొట్టలేదు గానీ చెయ్యి అలవాటుగా గంట వైపు వెళ్ళింది, అందుకే గుర్తుందన్నాడు.

"ఆ రోజు మొత్తం మీద ఆ హాల్లోకి నేను మోసుకెళ్ళిన మంచి కబురు అదొక్కటే. చెవిలో చెప్పాను."

 అక్క సాయంత్రం ఏడింటికి గానీ ఇంటికి రాలేదని, మరి అప్పటిదాకా ఎక్కడికి వెళ్ళి ఉంటుందని అడిగాడు తమ్ముడు.

"ఎక్కడికీ వెళ్ళలేదు, అక్కడే ఉంది" అన్నాడు మాస్టారు. పక్క కుర్చీలో ఒక పెద్దావిడ ఉండేదట, వెంట ఎవరూ లేరు, భర్త కోసం వచ్చింది. పొద్దుటి నుంచి అక్క చిటికెన వేలు పట్టుకుని కూర్చుంది. ఆ చిన్న పిల్లల కుర్చీల్లో ఇద్దరూ మోకాళ్ళు ముడుచుకుని. ఇదంతా టేపులో ఎందుకు చెప్పలేదంటే, అది మీ అక్కయ్య సొంత విషయం, చెబితే ఆవిడే చెప్పాలి కదా అన్నాడు. "నీకు చెప్పే ఉంటుందిలే."

తమ్ముడు తల ఆడించాడు. ఆడించింది ఔననో కాదనో మాస్టారు పట్టించుకోలేదు.

"నేను చెవిలో చెప్పగానే మీ అక్కయ్య సగం లేచింది. ఆ పెద్దావిడ తలెత్తి, మీవాడి సంగతి తెలిసిందా తల్లీ అని అడిగింది. ఇంకా లేదమ్మా అంది మీ అక్కయ్య. అని, మళ్ళీ కూర్చుంది. ఆవిడ భర్త కబురు వచ్చేసరికి ఆరు దాటింది."